ఇంటికి వెల, ఊరికి విలువ

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని మన పెద్దలు ఊరకే అనలేదు. పునాది తీసిన నాటినుండి సింహద్వారం ఎత్తే దాకా గృహస్థు పడే పాట్లన్నీ ఆ నాలుగు మాటలలో ఇమిడి ఉన్నవి. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో మాత్రం సామాన్య గృహస్థు సాధారణంగా ఇల్లు కట్టడు. కట్టి ఉన్న ఇంటిని కొంటాడు. ఉద్యోగం మారినప్పుడు, సంసారం పెరిగినప్పుడు, పిల్లలు రెక్కలు వచ్చి ఎగిరిపోయినప్పుడు ఆ ఇంటిని అమ్మి మరొకటి కొంటాడు. తాతలనాటి ఇల్లు అనే మాటకు అక్కడ వాడుక తక్కువ. ఇంటిని ఇంత తేలికగా విడిచిపోగల జనం ఇల్లు కొనేటప్పుడు ఏమి చూస్తారు? గదులెన్ని, వంటిల్లు ఎట్లున్నది, కప్పు కారుతున్నదా అని చూడటం సహజమే. కాని బిడ్డలు గల దంపతులు ఆ పరీక్ష ముగించి, గడప దాటి వీధిలోకి వచ్చిన తరువాత అడిగే ప్రశ్న మరొకటి ఉన్నది: ఇక్కడి బడి ఎట్టిది?

ఈ ఒక్క ప్రశ్నను మనస్సుకు పట్టించుకొని తన రూపురేఖలనే మార్చుకొన్న చిన్న నగరం ఇండియానా రాష్ట్రంలో ఒకటున్నది. దాని పేరు కొలంబస్. పొరుగున ఉన్న ఒహాయో రాష్ట్ర రాజధానికి కూడా ఇదే పేరు కావటంవల్ల దూరదేశస్థులు ఒకదానిని మరొకటిగా భ్రమించటం కద్దు. అది మహానగరం. ఇది 2020 జనాభా లెక్కల ప్రకారం 50 వేలకు కొంచెం పైబడిన ఊరు. ఇల్లు కొనదలచిన వారిని ఈ ఊరు ఎందుకు ఆకర్షించింది, ఆ ఆకర్షణకు మూల్యం ఎవరు చెల్లించారు, అది నిలిచేదేనా అన్నవి బడిపంతుళ్ళూ విద్యార్థులూ ఆలోచింపదగిన ప్రశ్నలు.

మైదానం నడుమ

అమెరికావారు మధ్య పశ్చిమమని పిలిచే ప్రాంతం పటంలో చూస్తే నిజానికి దేశానికి ఉత్తరంగా, మహాసరస్సులను ఆనుకొని ఉంటుంది. ఇండియానా ఆ ప్రాంతంలోని రాష్ట్రం. దాని రాజధాని ఇండియానాపోలిస్‌కు దక్షిణంగా సుమారు 45 మైళ్ళ దూరాన, ఫ్లాట్‌రాక్, డ్రిఫ్ట్‌వుడ్ అనే రెండు చిన్న నదులు కలిసే చోట కొలంబస్ వెలసింది. చుట్టూ కనుచూపు మేర మొక్కజొన్న, సోయా చిక్కుడు చేలు. యాత్రికులు వెదకివచ్చే కొండ లేదు, సముద్రం అసలే లేదు. శీతకాలంలో మంచు, వేసవిలో ఉక్కపోత, వసంతంలో సుడిగాలుల భయం. ప్రకృతి ఈ ఊరికి ప్రత్యేకంగా పెట్టిపుట్టించినది ఏమీ లేదనే చెప్పవలె.

సముద్రతీర నగరాలతో పోల్చితే ఇటువంటి ఊళ్ళలో ఇళ్ళ ధర తక్కువ. ఒక ఉద్యోగి జీతంతో ముంగిట పచ్చిక, పెరటిలో చెట్టు, పిల్లలకు వేరు గదులు గల ఇంటిని సంపాదించుకొనవచ్చును. కాని చౌక అన్నది ఆకర్షణకు మొదటి మెట్టేగాని, అదే ఆకర్షణ కాదు. ఇందుకు నిదర్శనం ఇండియానాలోనే ఉన్నది. మిషిగన్ సరస్సు ఒడ్డున 1906లో ఒక ఉక్కు సంస్థ గేరీ అనే ఊరిని స్థాపించింది. 1960 నాటికి ఆ ఊరి జనాభా 1,78,000 దాటింది. తరువాత ఉక్కు పనికి మనుషుల అవసరం తగ్గింది. తెల్లజాతి కుటుంబాలు శివారు ఊళ్ళకు తరలిపోయినవి. అంగళ్ళు వారి వెంట నడిచినవి. 2020 నాటికి అక్కడ మిగిలినవారు 69 వేలు. వేలకొలది ఇళ్ళు తలుపులు మూసికొని శిథిలమైనవి. ఆ ఇళ్ళు చౌకే, కాని కొనేవారేరీ? గోడలు గోడలుగానే ఉండగా, వాటి చుట్టూ ఉన్న ఊరు జారిపోయింది.

కొలంబస్ కూడా ఒక్క కర్మాగారాన్ని నమ్ముకొని పెరిగిన ఊరే. 1950లో 18 వేలుగా ఉన్న దాని జనాభా ఏడు దశాబ్దాలలో రెండింతలు దాటి పెరిగింది. కర్మాగారం నిలిచి ఉండటమే ఇందుకు ప్రధాన కారణమనటంలో సందేహం లేదు. రెండు ఊళ్ళ చరిత్రలను ఒకే త్రాసులో తూచటమూ న్యాయం కాదు. అయినప్పటికీ, కర్మాగారం తన ఊరి విషయంలో ఎట్లా ప్రవర్తించింది, ఊరు దానికి ఎట్లా బదులు పలికింది అన్నది తెలుసుకొనదగిన కథ.

బాంకు, ఇంజను, దేవాలయం

1821లో పుట్టిన ఈ ఊరిలో యాభై ఏండ్ల తరువాత, 1871లో, జోసెఫ్ అర్విన్ అనే వర్తకుడు ఒక బాంకును ప్రారంభించాడు. ఆయన కుమారుడు విలియం వద్ద క్లెస్సీ కమిన్స్ అనే యువకుడు మోటారు నడిపేవాడు. చదువు తక్కువ, యంత్రాలపై మమకారం ఎక్కువ. డీజిల్ ఇంజను అప్పటికి స్థూలకాయంతో ఓడలలోను, కర్మాగారాలలోను కూర్చునే వస్తువు. దానిని లారీకి అమర్చవచ్చునని ఆ యువకుని విశ్వాసం. యజమాని పెట్టుబడి పెట్టగా 1919లో కమిన్స్ కంపెనీ వెలసింది. లాభం కంటబడటానికి 1937 వరకు ఆగవలసి వచ్చిందంటే, ఆ కుటుంబం ఓపిక ఎంతటిదో ఊహించుకొనవచ్చును.

ఆ వంశంలోని తరువాతి తరం వాడు జె. అర్విన్ మిల్లర్. 1909లో జన్మించి, 1934లో కంపెనీ పనిలో ప్రవేశించాడు. యేల్, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాలలో చదివిన ఈ వ్యాపారికి ప్రాచీన గ్రీకు భాషయందు, సంగీతమందు ఆసక్తి మెండు. అమెరికాలో స్థిరపడిన ఫిన్లండు దేశపు వాస్తుశిల్పి ఎలియెల్ సారినెన్ చేత ఈ కుటుంబం చొరవతో ఊరి నడుమ ఒక క్రైస్తవ దేవాలయ నిర్మాణం జరిగి 1942లో పూర్తి అయినది. ఆనాటి దేవాలయాలలో కనిపించే కోణతోరణాలు, చెక్కడాలు దానిలో లేవు. ఇటుక, రాయి, తిన్నని గీతలు. ప్రక్కన విడిగా నిలిచిన 166 అడుగుల గోపురం. చూచినవారు అది దేవాలయమా, కర్మాగారమా అని సందేహపడినా ఆశ్చర్యం లేదు. ఏది ఏమైనా, ఒక చిన్న ఊరు తన కాలపు శ్రేష్ఠశిల్పిని పిలిపించుకొనవచ్చుననే ధైర్యం ఆ గోపురంతోనే కలిగింది.

బడి కట్టిన విధం

రెండవ ప్రపంచ యుద్ధం ముగియగానే అమెరికాలో శిశుజననాలు ఇబ్బడి ముబ్బడిగా పెరిగినవి. ఆ పిల్లలు బడి ఈడుకు వచ్చేసరికి పాత బడులు చాలలేదు. కొలంబస్‌లోనూ అదే అవస్థ. త్వరత్వరగా, చౌకగా, పెట్టెలవలె బడులను కట్టి తలకు మించిన భారాన్ని దించుకొనే మార్గం సిద్ధంగానే ఉన్నది. అదే సమయంలో కమిన్స్ కంపెనీకి మంచి ఇంజనీర్ల అవసరం కలిగింది. పెద్ద నగరాలలో చదువుకొన్న యువకుడు మొక్కజొన్న చేల మధ్యకు రావాలంటే జీతం ఒక్కటే చాలదు. అతని భార్య ఊరు చూడటానికి వస్తుంది; బిడ్డను పంపవలసిన బడి చూస్తుంది. ఆమె పెదవి విరిచిందంటే ఉద్యోగం కూడా చేజారినట్లే.

మిల్లర్ ఈ చిక్కును గ్రహించాడు. కంపెనీ తరఫున 1954లో ఏర్పడిన ధర్మనిధి ద్వారా విద్యాసంఘానికి ఒక ప్రతిపాదన చేశాడు. కొత్త బడి కట్టేటప్పుడు, దేశంలోని ఉత్తమ వాస్తుశిల్పుల జాబితా నుండి విద్యాసంఘం తనకు నచ్చిన వారిని ఎన్నుకొంటే, ఆ శిల్పికి ఇవ్వవలసిన పారితోషికాన్ని ధర్మనిధి చెల్లిస్తుంది. ఇటుకకు, ఇనుముకు, కూలికి అయ్యే ఖర్చు మాత్రం ఊరిదే. జాబితాను నిపుణులు తయారు చేస్తారు. ఎన్నిక మాత్రం ప్రజాప్రతినిధులది.

ఈ ఏర్పాటులోని వివేకం గమనింపదగినది. ధనికుడు మొత్తం భవనాన్ని కట్టించి దానమిస్తే అది ధనికుని భవనమే అవుతుంది. పేరు ఆయనది, ఇష్టం ఆయనది. ఇక్కడ ఖర్చులో అధికభాగం పన్ను చెల్లించిన పౌరునిది గనుక, భవనమూ అతనిదే. దానం పుచ్చుకొన్న చేయి వెలవెలబోవలసిన పని లేకుండా దానమిచ్చిన పద్ధతి ఇది.

ఈ పద్ధతిలో మొదట వెలసినది 1957 నాటి లిలియన్ ష్మిట్ ప్రాథమిక పాఠశాల. శిల్పి షికాగో నగరానికి చెందిన హారీ వీజ్. పెద్ద పెట్టె వంటి కట్టడం బదులు, ఒక్కొక్క తరగతికి చిన్న ఇంటి కప్పు వంటి వాలు కప్పు పెట్టాడు. ఇల్లు విడిచి మొదటిసారి బడికి వచ్చిన అయిదారేండ్ల పసివాడు భయపడకుండా, తన ఇంటివంటి మరొక ఇంటిలో అడుగు పెట్టినట్లు ఉండాలని ఆ కల్పన. 1960లో జాన్ కార్ల్ వార్నెకె నిర్మించిన మేబుల్ మెక్‌డవెల్ పాఠశాలలో తరగతులను విడివిడి మందిరాలుగా అమర్చి, కప్పు వేసిన నడవలతో కలిపాడు. మధ్య మధ్య ముంగిళ్ళు, చెట్లు. కొలంబస్‌లో ఒక తరం పిల్లలు అక్షరాలతోపాటు వెలుతురును, ఖాళీ స్థలాన్ని, కొలతల పొందికను కూడ తెలియకుండానే చదువుకొన్నారు.

వీధిలో ఒక ప్రదక్షిణం

బడులతో మొదలైన ఈ ఏర్పాటు తరువాత ఇతర ప్రజాభవనాలకూ విస్తరించింది. రాబర్ట్ వెంచూరి 1968లో నిర్మించిన నాలుగవ అగ్నిమాపక కేంద్రం అతి సాదా కట్టడం. రబ్బరు గొట్టాలను ఆరవేసే గోపురం మీద ‘4’ అంకె మాత్రం దూరానికి కనిపించేటట్లు పెద్దదిగా వ్రాసి ఉంటుంది. ఇల్లు అంటుకొన్నవాడికి అగ్నిమాపక కేంద్రం నుండి అంతకంటె అలంకారం అక్కరలేదు గదా!

సారినెన్ దేవాలయానికి ఎదురుగా 1969లో గ్రంథాలయం లేచింది. శిల్పి ఐ. ఎం. పే, ఆ తరువాత పారిస్ నగరంలోని లూవ్ర్ ప్రదర్శనశాల ముంగిట గాజు పిరమిడ్ నిర్మించి జగత్ప్రసిద్ధుడైనది ఈయనే. గ్రంథాలయానికి పెట్టిన పేరు మిల్లర్‌ది కాదు, కంపెనీది కాదు. చిరకాలం ఆ ఊరిలో పుస్తకాలు అందించిన క్లియో రాజర్స్ అనే గ్రంథపాలకురాలిది. దాని ముంగిట 1971లో ఆంగ్ల శిల్పి హెన్రీ మూర్ చేసిన కంచు తోరణం నెలకొన్నది. ఎత్తు 20 అడుగులు. చుట్టూ కంచె లేదు. పిల్లలు దానిక్రింద పరుగులు తీయటం, పెద్దలు దాని నీడన మాటలాడుకొనటం నిత్యకృత్యం.

అదే సంవత్సరం ఊరి దినపత్రికకు గాజుగోడల కార్యాలయం ఏర్పడింది. అచ్చుయంత్రం తిరుగుతుంటే దారిన పోయేవారు నిలబడి చూచేవారు. పత్రిక ఆ భవనం విడిచిన తరువాత, 2018 నుండి అందులో ఇండియానా విశ్వవిద్యాలయంవారు వాస్తుశిల్ప విద్యను బోధిస్తున్నారు. వీటన్నిటికి ఇరుగుపొరుగుగా, 1900లో గ్రీకు సోదరులు పెట్టిన జహరాకోస్ ఐస్‌క్రీము దుకాణం చలువరాతి బల్లలతో, పాతకాలపు వాద్యయంత్రంతో ఇప్పటికీ నడుస్తున్నది. కొత్తదనాన్ని కోరిన ఊరు పాతదనాన్ని పారవేయలేదు. ఈ ఊరిలోని ఏడు కట్టడాలను ప్రభుత్వం జాతీయ చారిత్రక చిహ్నాలుగా గుర్తించింది.

కొనేవాని లెక్క

ఇంత చెప్పిన తరువాత, కొలంబస్‌లో ఇళ్ళన్నీ శిల్పుల సృష్టులే కాబోలునని పాఠకులు అనుకొనవచ్చును. మిల్లర్ దంపతుల కోసం ఎలియెల్ కుమారుడు ఈరో సారినెన్ 1957 నాటికి పూర్తిచేసిన ఇల్లు అట్టిదే. అది నేడు ప్రదర్శనశాల వారి అధీనంలో ఉన్నది. జనం టిక్కెట్టు కొని చూస్తారు. తక్కిన ఇళ్ళు మాత్రం అమెరికాలో ఎక్కడైనా కనిపించే కొయ్యచట్రపు ఇళ్ళే. అందమంతా అందరిదైన చోట పెట్టి, ఎవరి ఇంటిని వారి తాహతుకు వదలిన ఊరు ఇది. ఇటువంటి సామాన్యమైన ఇంటిని కొనేవాడు వాస్తవంగా కొంటున్నది ఏమిటి?

మొదట అప్పు. 1930 దశకంలోని ఆర్థిక సంక్షోభానికి పూర్వం అమెరికాలో ఇంటి అప్పుల గడువు చాలా తక్కువ. గడువు తీరితే అసలు మొత్తం ఒక్కసారిగా కట్టవలసి వచ్చేది. 1934లో ప్రభుత్వం పూచీపడే విధానం వచ్చిన తరువాత దీర్ఘకాలిక ఋణాలు వాడుకలోకి వచ్చినవి. నేడు 30 సంవత్సరాల ఋణం సర్వసామాన్యం. ఇంటిని తాకట్టు పెట్టి, నెలనెలా ఒకే మొత్తం చెల్లిస్తూ పోతే ముప్పై ఏండ్లకు ఇల్లు సొంతమవుతుంది. కనుక కొనేవాడు ఈనాటి ఇంటిని గాక, ముప్పై ఏండ్ల పాటు నిలిచే ఊరిని అంచనా కట్టుకొనవలె.

పిమ్మట పరీక్ష. సంతకాలకు ముందు ఒక పరిశీలకుడు వచ్చి కప్పు, నేలమాళిగ, వేడినిచ్చే కొలిమి, నీటి గొట్టాలు పరిశీలించి వ్రాతపూర్వకంగా దోషాలు చెబుతాడు. ఇండియానా నేలలో నుండి రేడాన్ అనే కంటికి కనిపించని వాయువు నేలమాళిగలలోకి చేరుతుంది. చిరకాలం పీల్చితే ఊపిరితిత్తుల పుట్టకురుపుకు కారణం కాగలదు. దానినీ కొలిపించుకొనటం వివేకుల ఆచారం.

ఆ తరువాత పన్ను. ఇండియానా రాష్ట్రంలో సొంతంగా నివసించే ఇంటిపై ఆస్తిపన్ను, ఇంటికి కట్టిన విలువలో నూటికి ఒక్క వంతు మించరాదని ఓటర్లు 2010లో రాజ్యాంగంలోనే చేర్చారు. పన్ను తక్కువైతే కొనేవానికి సంతోషమే. కాని బడి, గ్రంథాలయం, అగ్నిమాపక కేంద్రం నడిచేది ఏ ధనంతో? ఈ పేచీ ఊరూరా ఉన్నదే. కొలంబస్ దానికి ఏమి సమాధానం చెప్పిందో చివర చూడవచ్చును.

నీరు పొంగిన రోజు

రెండు నదులు కలిసే చోట పుట్టిన ఊరికి నీటి భయం తప్పదు. 2008 జూన్ 7వ తేదీన కుంభవృష్టి కురిసింది. ఊరి మధ్యగా పారే హా క్రీక్ అనే వాగు, పేరుకు వాగే, గట్లు తెంచుకొని వీధుల మీద పడింది. ఆసుపత్రి నేలమాళిగ నిండి విద్యుత్తు పోగా, రోగులందరినీ అప్పటికప్పుడు తరలించవలసి వచ్చింది. ఆ ఆసుపత్రి మళ్ళీ పూర్తిగా పని చేయటానికి నెలలు పట్టింది. అమెరికాలో ఇంటికి చేసే సాధారణ బీమా వరద నష్టానికి వర్తించదు. దానికి వేరుగా బీమా తీసుకొనవలె. తాము వరద ప్రమాదస్థలంలో ఉన్నామన్న సంగతి ఇల్లు మునిగిన నాడు తెలుసుకొన్నవారి దుఃఖం, ఏ శిల్పి చాతుర్యమూ తీర్చలేనిది. అందువల్ల కొనేవాడు బడిని చూచిన కంటితోనే వరదల పటాన్ని కూడ చూడవలె.

మరుసటి ఏడు వచ్చిన వరద నీటిది కాదు. జోసెఫ్ అర్విన్ స్థాపించిన బాంకుకు 1954లో ఈరో సారినెన్ కొత్త భవనం నిర్మించి ఉన్నాడు. బాంకు అంటే కోట వలె ఎత్తైన స్తంభాలు, ఇనుప చువ్వల వెనుక గుమాస్తాలు ఉండే రోజులవి. సారినెన్ చువ్వలు తీసివేసి, గోడలు గాజుతో కట్టి, చుట్టూ చెట్లు నాటించాడు. అప్పుకు వచ్చిన రైతు బెదరకుండా లోనికి రావాలని ఉద్దేశం. అటువంటి బాంకు, దేశమంతటా ఇంటి ఋణాలు కుప్పకూలిన సంక్షోభంలో, తానూ గృహఋణాలలో నష్టపడి 2009 సెప్టెంబరులో మూతపడింది. 138 ఏండ్ల సంస్థ! గాజుభవనం చెక్కుచెదరలేదు, దానిని కమిన్స్ కంపెనీ సమావేశ మందిరంగా వాడుకొంటున్నది. గోడలు పారదర్శకమైనంత మాత్రాన లోపలి లెక్కలు క్షేమమని కాదు. ఊరి ప్రతిష్ఠను చూచి అప్పుల విషయంలో ఏమరరాదన్న పాఠం, ఇల్లు కొనేవానికి ఇంతకంటె స్పష్టంగా దొరకదు.

ఈరో సారినెన్ చివరి కల్పనలలో ఒకటైన నార్త్ క్రిస్టియన్ చర్చి, ఆరు మూలలతో, ఆకాశాన్ని సూదివలె తాకే శిఖరంతో, ఆయన మరణించిన మూడేండ్లకు 1964లో పూర్తి అయినది. సభ్యుల సంఖ్య తరిగి తరిగి 2022లో అక్కడ ప్రార్థనలు ఆగిపోయినవి. కట్టడాన్ని కాపాడటం వేరు; కట్టడంలోకి మనుషులు రావటం వేరు. డీజిల్ ఇంజనుకు విద్యుత్తు పోటీగా వస్తున్న ఈ రోజులలో, దాని మీద బ్రతికే ఊరు భవిష్యత్తును గురించి కలత పడటమూ సహజమే.

తలుపు ఎవరికి తెరుచుకొన్నది?

ఊరి అందాన్ని పొగడేటప్పుడు ఆ అందం ఎవరికి అందిందన్న ప్రశ్న మరువరాదు. 1920 దశకంలో ఇండియానా రాష్ట్ర రాజకీయాలను కూ క్లక్స్ క్లాన్ అనే జాత్యహంకార సంఘం శాసించింది. మధ్య పశ్చిమంలో అనేక చోట్ల నల్లజాతివారికి ఇల్లు అమ్మరాదనే షరతులు దస్తావేజులలోనే ఉండేవి. 1948లో అత్యున్నత న్యాయస్థానం వాటిని అమలు జరపరాదన్నది. ఇళ్ళ అమ్మకంలో, అద్దెలో జాతివివక్ష కూడదని చట్టం రావటానికి 1968 వరకు పట్టింది. మిల్లర్ 1960 నుండి 1963 వరకు అమెరికా క్రైస్తవ సంఘాల జాతీయమండలికి అధ్యక్షుడు. మతాచార్యుడు గాక గృహస్థుడు ఆ పదవిని పొందటం అదే ప్రథమం. ఆ హోదాలో ఆయన పౌరహక్కుల ఉద్యమానికి బాసటగా నిలిచాడు. మంచి శిల్పం కోరిన మనస్సే మంచి ఇరుగుపొరుగునూ కోరింది.

భారతీయుల సంగతి చూచినా ఇటువంటిదే. భారతీయుడు అమెరికా పౌరుడు కాజాలడని 1923లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. 1946 చట్టం ఆ తలుపును కొంచెం తెరిచింది. 1965 చట్టం చదువుకొన్నవారికి బాట వేసింది. కమిన్స్ కంపెనీ 1962లోనే పూనా నగరంలో కిర్లోస్కర్ వారితో కలిసి ఇంజన్ల తయారీకి సంస్థను స్థాపించింది. ఆ బంధం వల్లనూ, తరువాతి వలసల వల్లనూ, నేడు కొలంబస్‌లో భారతీయ ఇంజనీర్ల కుటుంబాలు చెప్పుకోదగినన్ని ఉన్నవి. వారిలో తెలుగువారూ ఉన్నారు.

ఈ కుటుంబాల గృహప్రవేశంలో ఒక ధర్మసంకటం దాగి ఉన్నది. వారిలో పలువురికి ఉద్యోగానుమతి ఒక్కొక్క పర్యాయం మూడేండ్లకు మించదు. శాశ్వత నివాసానికి పెట్టుకొన్న దరఖాస్తు తేలటానికి భారతీయులు ఏండ్ల తరబడి, కొందరు దశాబ్దాల తరబడి, వేచి ఉండవలసి వస్తున్నది. ఉద్యోగం పోతే దేశమే విడువవలసి రావచ్చును. మూడేండ్ల అనుమతిని చేతపట్టుకొని ముప్పై ఏండ్ల అప్పు పత్రంపై సంతకం చేసే యువదంపతుల గుండెదిటవు సామాన్యమైనది కాదు. వారు లెక్కలు రాక సంతకం చేయటం లేదు. ఇంటికి కూతవేటు దూరాన బడి ఉన్నది. బిడ్డ అక్కడ స్నేహితులను సంపాదించుకొన్నాడు. శనివారం గ్రంథాలయం ముందున్న కంచుతోరణం క్రింద ఆడుకొంటాడు. పెద్దలకు రాని స్థిరనివాసం బిడ్డకు అప్పుడే వచ్చివేసింది.

వెలకు అందనిది

కొలంబస్ ఓటర్లు 2020లో ఒక పరీక్షకు నిలిచారు. అక్కడి విద్యాసంస్థ, ఉపాధ్యాయుల వేతనాలు పెంచవలసి ఉన్నదని, అందుకు అదనపు ఆస్తిపన్ను వేసుకొనటానికి సమ్మతించవలసిందని ప్రజలను అడిగింది. నూటికి ఒక్క వంతు అన్న రాజ్యాంగపు హద్దు ఓటర్లు కోరి వేసుకొన్న ఇటువంటి పన్నుకు వర్తించదు. కనుక ఒప్పుకొంటే ఎవరి ఇంటి లెక్క వారికి పెరుగుతుంది. అది మహమ్మారి వ్యాధి వ్యాపించి, ఉపాధులు ఊగిసలాడుతున్న సంవత్సరం. అయినా ఓటర్లు ఒప్పుకొన్నారు.

శిల్పి పారితోషికాన్ని ధర్మనిధి చెల్లించవచ్చును. ఉపాధ్యాయుని జీతాన్ని ఏటేటా చెల్లించవలసినది ఊరే. మిల్లర్ 2004లో కన్నుమూశాడు. ఆయన పిలిపించిన శిల్పులలో అధికసంఖ్యాకులు గతించారు. కప్పులు కారుతవి; గోపురాలు పగుళ్ళు వారుతవి. 1942 నాటి దేవాలయ గోపురం అట్లే శిథిలం కాసాగితే దాతలు చేతులు కలిపి బాగు చేయించుకొన్నారు. ఒక తరం సంపాదించిన మంచిపేరును తరువాతి తరం మళ్ళీ సంపాదించుకొనవలసిందేగాని, ఆస్తివలె వ్రాయించుకొనటానికి వీలులేదు.

మన ఊళ్ళలో ఇల్లు కట్టేవారు వాస్తు చూపిస్తారు, దిక్కు చూస్తారు, నీటి ఊట చూస్తారు. ఎదుటి వీధిలోని బడి కప్పు కారుతున్నదా, గ్రంథాలయం తలుపు తెరచి ఉంటున్నదా అని చూచేవారు అరుదు. తన ఇంటికి చలువరాయి పరచుకొన్న గృహస్థు, తన బిడ్డ పగలంతా గడిపే బడి గోడకు సున్నం లేదన్న సంగతి గమనించక పోవటమూ ఉన్నది. ఇండియానా చేల నడుమ ఉన్న ఆ చిన్న ఊరు, అందరి బిడ్డలూ చదివే బడికి మొట్టమొదట మంచి కప్పు వేయించింది. దాని నీడ చూచి ఇళ్ళు కొనేవారు తమంత తాము వచ్చారు.